బంతిలోంచి లేవని రాబందులు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఆకలితో చచ్చినవాళ్ళ కథలు చాలా ఉన్నాయి. అవి మీకు ఎవరైనా చెబుతారు. తిని తిని చచ్చినవాళ్ళ కథ మాత్రం ఎవరూ చెప్పరు. అందుకే అది నేను చెబుతున్నాను. దగ్గరికి జరిగి కూర్చోండి పిల్లలూ.

ఆ అడవి నడుమ నల్లబండ అనే కొండ ఉంది. దాని ముందువైపు గోడలా నిటారుగా ఉంటుంది. ఆ గోడ నిండా అరుగుల్లాంటి చీలికలు. ఒక్కో అరుగు మీద ఒక్కో రాబందుల కాపురం.

రాబందులు ఎవరినీ వేటాడవు. చచ్చిన జంతువునే తింటాయి. అవి లేకపోతే అడవి కుళ్ళి కంపుకొడుతుంది. అంత అవసరమైన పని చేసేవాళ్ళను చూసి అందరూ ముక్కు మూసుకుంటారు. ఈ లోకం తీరే అంత. అది వేరే కథ.

ఆ రాబందులకు ఒక ఆచారం ఉండేది. ఎక్కడైనా జంతువు చచ్చిపడితే అందరూ కలిసి దిగాలి. దాని చుట్టూ భోజనాల బంతి కట్టి కూర్చోవాలి. అందరికంటే పెద్దవాడు లేచేదాకా ఎవరూ లేవకూడదు. మధ్యలో లేస్తే బంతిని అవమానించినట్టు. తినకుండా ఖాళీ ముక్కుతో కూర్చోవడమూ తప్పే. కూర్చున్నంతసేపూ మింగుతూనే ఉండాలి.

ఆ బంతికి పెద్ద గరవయ్య. ముసలి రాబందు. నెమ్మదిగా తింటాడు. పొద్దు వాలేదాకా తింటాడు.

"మా తాతలు ఇలాగే తిన్నారు. మా నాన్నలు ఇలాగే తిన్నారు. మనం తగ్గిస్తే వాళ్ళ పేరు ఏం కావాలి?" అనేవాడు.

ఆ తాతలు ఎలా పోయారని మాత్రం ఎవరూ అడగలేదు.

బంతిలో వడ్డించేవి నక్కలు. గట్టి తోలు చీల్చి, మెత్తని మాంసం లాగి, ఒక్కొక్కరి ముక్కు ముందుకు తోసేవి. వాటికి పెద్ద తియ్యయ్య. మాట కూడా పేరులాగే ఉండేది.

"పెద్దయ్యా, ఈ ముక్క మీ కోసమే దాచాను."

"సింగన్న బావా, అంతేనా? అత్తారింట్లో కొత్తల్లుడిలా ఆ సిగ్గేమిటి? ఇంకొక్క ముక్క. నా మీద ఒట్టు."

ఒట్టు వేశాక కాదనడం ఎలా? రాబందులు తినేవి. సింగన్న అనే ఆ రాబందు ఒకసారి మొహమాటంగా అడిగాడు కూడా.

"మరి మీరెప్పుడు తింటారు తియ్యయ్యా?"

"పెద్దల ముందు మేం ముట్టుకుంటామా బావా? మీ అందరి భోజనాలూ అయ్యాకే."

ఎంత మర్యాద అనుకున్నాయి రాబందులు. తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది పిల్లలూ. ఎప్పుడూ ముట్టుకోని ఆ నక్కలు అంత బలిసి ఎందుకున్నాయో చూసే తీరిక ఆ బంతిలో ఒక్కరికీ లేకపోయింది.

ఇప్పుడు ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. రాబందు మెడ కింద ఒక సంచి ఉంటుంది. తిన్నది ముందు అందులో చేరుతుంది. రాబందు ఒళ్ళు అసలే బరువు. ఎండకు నేల కాగితే వేడిగాలి పైకి లేస్తుంది. ఆ గాలి మీద ఎక్కి రాబందు ఎగురుతుంది. పొద్దు వాలితే ఆ గాలి ఉండదు. సంచి నిండిన రాబందు అప్పుడిక లేవలేదు. నేల మీదే పడి నిద్రపోవాలి.

బంతి జరిగిన మర్నాడు ఒకరో ఇద్దరో కనిపించేవాళ్ళు కాదు. కొన్ని ఈకలు మిగిలేవి.

"కడుపు నిండా తిని, నిద్రలో పోయాడు. పుణ్యాత్ముడు," అనేవాడు గరవయ్య.

మిగతా రాబందులు తలలు ఊపేవి. భుక్తాయాసంతో అంతకంటే ఏమీ చేయలేకపోయేవి.

సింగన్న భార్య పేరు ఈరమ్మ. వాళ్ళకు గుడ్లు నిలవలేదు. ఒక ఏడు గుడ్డు గాలికి దొర్లిపోయింది. మరో ఏడు గుడ్డు పిల్ల కాలేదు. చివరికి ఒక కూన మిగిలాడు. ఇంకా ఈకలు కూడా రాలేదు. తెల్లటి నూగుతో, వణుకుతూ ఉండేవాడు. కొండ మీద గద్దలు తిరుగుతుంటాయి కాబట్టి ఎవరో ఒకరు గూటి దగ్గర ఉండాలి. ఈరమ్మ కాపలా ఉంటే సింగన్న తిండికి వెళ్ళేవాడు. సంచిలో తెచ్చి కూన నోట్లో పెట్టాలి. అదే వాళ్ళ బతుకు.

ఒకరోజు వాగు పక్కన అడవిదున్న చచ్చిపడింది. బంతి కూర్చుంది. సింగన్నా వెళ్ళాడు.

మధ్యాహ్నం అయింది. కూన గొంతు చాచాడు.

"అమ్మా, నాన్న ఏడీ?"

"తింటున్నాడు."

పొద్దు వాలింది.

"ఇంకానా?"

"ఇంకానే," అంది ఈరమ్మ.

మర్నాడు ఎండ ముదిరాక వచ్చాడు సింగన్న. అరుగు మీద వాలలేక జారాడు. ఎగశ్వాస తీస్తున్నాడు. సంచిలో ఉన్నదంతా రాత్రే పొట్టలోకి దిగిపోయింది. కూనకు రెండు తునకలు మిగిలాయి. వాడు ఏడ్చి ఏడ్చి గొంతు పోయి ఉన్నాడు. మింగడానికి కూడా ఓపిక లేదు.

"కొడుకు కోసం వెళ్ళి, కొడుకు సంగతే మర్చిపోయావా?" అంది ఈరమ్మ.

"మర్చిపోలేదే. బంతిలోంచి ఎలా లేవను? నలుగురూ ఏమనుకుంటారు?"

"ఆ నలుగురిలో ఇద్దరు ఈ పొద్దు లేరు. చూసుకున్నావా?"

ఆ రోజంతా సింగన్నకు రెక్క లేవలేదు. ఆ మర్నాడూ లేవలేదు. కళ్ళు మూతలు పడేవి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. అది తిండి ఇచ్చిన బలం అని అతని నమ్మకం. పాపం, చిన్నప్పటి నుంచీ అలాగే చెప్పారు.

ఈరమ్మ దగ్గరికి జరిగింది.

"నేనొక మాట చెబుతాను. ఒక్కో ముక్క మింగాక తలెత్తి కొండ వైపు చూడు. మన అరుగు కనిపిస్తుందా చూడు. ఇక్కడికి ఎగిరి రాగలను అనిపిస్తే ఇంకో ముక్క తిను. అనుమానం వచ్చిందా, అక్కడితో ఆపెయ్."

"ఆకలేస్తుందేమో."

"ఆకలేస్తే మళ్ళీ వెళ్దువు. ఎగరగలిగితే ఎన్నిసార్లయినా వెళ్ళొచ్చు."

రెండోసారి దుప్పి పడింది. సింగన్న తిన్నాడు. తలెత్తి చూశాడు. మళ్ళీ తిన్నాడు. మళ్ళీ చూశాడు. సంచి సగం నిండేసరికి అరుగు దూరంగా అనిపించింది. లేచాడు.

బంతిలో తలలన్నీ అటు తిరిగాయి.

"ఎవడురా లేచింది?" అన్నాడు గరవయ్య.

"ఏమీ లేదు పెద్దయ్యా," అన్నాడు తియ్యయ్య. "మా బావకు ఇంటి నుంచి పిలుపు వచ్చినట్టుంది. ఆ ఇంట్లో పెత్తనం మారిందిగా."

అందరూ నవ్వారు. నోట్లో మాంసం ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. సింగన్న సిగ్గుతో తల దించుకుని ఎగిరిపోయాడు. కానీ ఎగిరాడు. ఆ రోజు కూన కడుపు నిండా తిని, అమ్మ రెక్క కింద ముడుచుకుని నిద్రపోయాడు.

మొదట్లో సింగన్నకు కష్టంగానే ఉండేది. సగం ఖాళీగా ఉన్న సంచిని తడుముకుంటే ఏదో పోగొట్టుకున్నట్టు ఉండేది. మెల్లగా అలవాటైంది. ఒళ్ళు తేలికైంది. పొద్దున్నే మెలకువ వచ్చేది. మొదటి వేడిగాలి లేవగానే దాని మీద ఉండేవాడు. మిగతా రాబందులు అరుగుల మీద గుర్రుపెడుతుంటే అతను మబ్బుల దాకా వెళ్ళొచ్చేవాడు. కూనకు ఈకలు మొలిచాయి. నాన్న ఎగురుతుంటే అంచు దాకా వచ్చి చూసేవాడు.

అంత ఎత్తు నుంచి చూస్తేగాని కొన్ని కనిపించవు. సింగన్నకు ఒకరోజు కనిపించాయి. బంతి కూర్చునే చోట చుట్టూ నక్కల బొరియలు. ఒక్కో బొరియ ముందు ఈకల కుప్ప. దిగి చూశాడు. ఒక పొడవాటి ఈక అంచు చీలి ఉంది. అది గరవయ్య తమ్ముడిది. ఆ చీలికను కొండ మీద అందరూ ఎరుగుదురు.

సింగన్న ఆ ఈకను ముక్కున కరుచుకుని అరుగు అరుగుకీ తిరిగాడు.

"వాళ్ళు మనకు వడ్డించడం లేదు. మనల్ని మేపుతున్నారు," అన్నాడు. "మనం తింటున్నది మన తిండి కాదు. వాళ్ళ తిండిని మన ఒంట్లో మోస్తున్నాం. లేవండి. ఒక్కరు లేస్తే తప్పు అంటారు. అందరం లేస్తే ఎవరేం అంటారు?"

గరవయ్య ఆ ఈకను చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత తల తిప్పుకున్నాడు.

"మా తమ్ముడు కడుపు నిండా తిని పోయాడు. వాడి చావును పాడు చెయ్యకు," అన్నాడు. "నీకు తిండి తగ్గి తల తిరుగుతోంది. ఇదే నా మాట. ఈసారి బంతిలో నాకంటే ముందు లేచినవాడికి ఈ కొండ మీద అరుగు ఉండదు."

అరుగు పోతే కూన పోయినట్టే. వాడికి ఇంకా ఎగరడం రాదు.

"ఈ ఒక్కసారికి కూర్చుంటాను," అన్నాడు సింగన్న. "కొంచెం కొంచెం కొరుకుతూ కాలం గడుపుతాను. వాడు ఎగిరేదాకా ఈ అరుగు కావాలి కదే."

"అరుగు పోతే ఇంకో సందు వెతుక్కుందాం," అంది ఈరమ్మ. "నువ్వు పోతే నిన్నెక్కడ వెతుక్కోను?"

"నేనెక్కడికి పోతాను?" అన్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఏనుగు పడింది. నల్లబండ అంతా దిగింది. అంత పెద్ద బంతి ఎవరూ ఎరుగరు. సింగన్న ఒక చిన్న తునక తీసుకుని నోట్లో నానుస్తూ కూర్చున్నాడు. తియ్యయ్య కన్ను అతని మీదే ఉంది.

"పెద్దయ్యా, మా బావకు నా చేతి ముద్ద రుచించడం లేదు. ఖాళీ ముక్కుతో కూర్చున్నాడు."

అందరూ తిరిగి చూశారు.

"తిను," అన్నాడు గరవయ్య.

సింగన్న ఒక ముక్క మింగాడు. తలెత్తి కొండ చూశాడు. అరుగు కనిపించింది.

"ఇంకొక్కటి బావా. నా పిల్లల మీద ఒట్టు."

ఇంకొకటి మింగాడు. తలెత్తి చూశాడు. అరుగు కొంచెం దూరంగా అనిపించింది.

"ఇది ఏనుగు గుండెకాయ బావా. మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో."

మింగాడు. ఈసారి తల ఎత్తలేదు. చూస్తే లేవాలనిపిస్తుందని భయం. ఆ తర్వాత ఎన్ని మింగాడో అతనికే తెలియదు. పక్కవాళ్ళు వీపు తట్టి నవ్వుతుంటే చాలా రోజులకు హాయిగా అనిపించింది. మనవాళ్ళ మధ్య మనం ఉన్నామనిపించింది. సంచి మెడ కింద నేలకు ఆనింది.

పొద్దు కొండ వెనక్కి జారింది. నీడ సాగి బంతి మీద పడింది.

కొండ మీద ఈరమ్మ ఇంక ఆగలేకపోయింది. కూనను చీలిక లోపలికి తోసింది. చివరి వేడిగాలి పట్టుకుని బంతి మీదికి వచ్చింది. చుట్టూ తిరుగుతూ పైనుంచి పిలిచింది.

"కక్కెయ్. తిన్నదంతా కక్కి లే. గాలి ఇంకా ఉంది."

అది నిజమే పిల్లలూ. కక్కితే రాబందు తేలికైపోతుంది. లేవగలుగుతుంది. అంత సులువు. కానీ బంతిలో కక్కడమా? గరవయ్య కళ్ళు మూసుకున్నాడు. పక్కవాళ్ళు దూరం జరిగారు. సింగన్న గొంతు దాకా వచ్చింది. అతను అందరి ముఖాలూ చూశాడు.

తియ్యయ్య చాలా మెత్తగా మాట్లాడాడు.

"నలుగురిలో తిన్నది కక్కుకుంటావా బావా? ఎంత నగుబాటు. ఇక్కడే పడుకో. పొద్దున్నే వెళ్దువుగాని. మేం కాపలా ఉంటాం."

సింగన్న గొంతులోది వెనక్కి మింగేశాడు.

"పొద్దున్నే వస్తానే," అన్నాడు పైకి చూడకుండా. "కూనకు చెప్పు."

గాలి సన్నగిల్లుతోంది. ఇంకాసేపు తిరిగితే తనూ నేలకు దిగాలి. కొండ మీద కూన ఒక్కడే ఉన్నాడు. ఈరమ్మ వెనుదిరిగింది.

పొద్దున సింగన్న రాలేదు. ఈకలు మాత్రం ఉన్నాయి.

గరవయ్య ఆమె అరుగు దగ్గరికి వచ్చాడు.

"పుణ్యాత్ముడు. బంతి మర్యాద నిలబెట్టాడు," అన్నాడు. "అరుగు నీదేనమ్మా. నేను మాట తప్పేవాణ్ణి కాదు."

ఈరమ్మ అతని వంక చూడనైనా చూడలేదు.

ఆ తర్వాత ఆమె బంతికి వెళ్ళలేదు. కుందేలో, ఉడుమో, ఎక్కడ చిన్నది పడితే అక్కడ దిగేది. కొంచెం తినేది. తలెత్తి కొండ చూసేది. వెంటనే వచ్చేసేది. ఆమె లేని కాస్తసేపూ కూన చీలికలో ఊపిరి బిగబట్టి దాక్కునేవాడు. ఆడుకోలేదు. అరవలేదు. అలాగే పెరిగాడు. అలాగే ఎగరడం నేర్చాడు.

వాడు మొదటిసారి నేలకు దిగిన రోజున బంతి కూర్చుని ఉంది. ఈరమ్మ పైన చుట్టూ తిరుగుతోంది. తియ్యయ్య ఎదురొచ్చాడు. ఇంకా బలిసి ఉన్నాడు.

"సింగన్న బావ కొడుకా? రా అల్లుడూ, రా. మీ నాన్న ఎంత తినేవాడో తెలుసా? ఆయన పేరు నిలబెట్టాలి."

వాడు కొంచెం తిన్నాడు. తలెత్తి కొండ వైపు చూశాడు.

"చాలు మామా."

"అప్పుడేనా? ఇంకొక్క ముక్క. నా మీద ఒట్టు."

"చాలన్నాను."

"నా మీద ఒట్టు వేశాను అల్లుడూ. కాదంటే నేను చచ్చిపోతాను. నీకు పర్వాలేదా?"

"పర్వాలేదు," అన్నాడు వాడు. "నువ్వు చస్తే నిన్ను కూడా మేమే శుభ్రం చేస్తాం."

తల్లీ కొడుకూ ఎగిరిపోయారు. బంతిలో ఒకరిద్దరు కుర్రవాళ్ళు తలలెత్తి చూశారు. వాళ్ళ ముక్కుల ముందు ముక్కలు పడ్డాయి. తలలు దించుకున్నారు.

ఇలా ఏళ్ళు గడిచాయి. నల్లబండ మీద అరుగులు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. బంతి చిన్నదైంది. ఇంకా చిన్నదైంది. నక్కలు మాత్రం పిల్లాపాపలతో కళకళలాడుతూ ఉన్నాయి.

చివరికి ఒక బంతిలో గరవయ్య ఒక్కడే కూర్చున్నాడు. చుట్టూ నక్కలు. ఈరమ్మ, కొడుకు పైనుంచి చూశారు. పొద్దు వాలుతోంది.

"పిలుద్దామా అమ్మా?" అన్నాడు కొడుకు.

ఈరమ్మ ఖాళీ అరుగుల వైపు ఒకసారి చూసింది. తర్వాత కిందికి వచ్చి, చుట్టూ తిరుగుతూ, ఒకప్పుడు పిలిచినట్టే పిలిచింది.

"కక్కెయ్ పెద్దయ్యా. కక్కి లే. గాలి ఇంకా ఉంది."

గరవయ్య విన్నాడు. మెడ సాచాడు. కుడివైపు చూశాడు. ఎడమవైపు చూశాడు. రెండు వైపులా ఎవరూ లేరు. అతనికంటే ముందు లేచేవాళ్ళు లేరు. తర్వాత లేచేవాళ్ళూ లేరు.

"ఎలా లేవనమ్మా?" అన్నాడు. "నలుగురూ ఏమనుకుంటారు?"

తియ్యయ్య ఇంకో ముక్క అతని ముక్కు ముందుకు తోశాడు.

నీతి: కడుపు చాలన్నప్పుడే లేవండి, నలుగురి కోసం మింగిన ముద్ద బరువు మోయడానికి ఆ నలుగురూ రారు.